పిల్లల బ్యాగు సంగతి తేల్చడానికి జడ్జి కావాలా?

విడాకుల తీర్పు వచ్చిందంటే గొడవ ముగిసినట్టేనని చుట్టాలూ స్నేహితులూ అనుకుంటారు. చాలా జంటల విషయంలో అది నిజమే. కొంతకాలానికి కోపాలు చల్లారి, పిల్లల కోసం ఏదో ఒక సర్దుబాటుకు వస్తారు. కొందరికి మాత్రం అసలు యుద్ధం తీర్పు తర్వాతే మొదలవుతుంది. ఆ పోరు ఆస్తి కోసమూ కాదు, భరణం కోసమూ కాదు. శనివారం సాయంత్రం అంటే ఐదింటికా, ఏడింటికా? సెలవులు బడి ఆఖరి గంట మోగగానే మొదలవుతాయా, మర్నాడు ఉదయం నుంచా? నన్ను అడగకుండా పిల్లాడి జుట్టు ఎందుకు కత్తిరించారు? ఈత తరగతి నా వంతు రోజున పడితే నేనే తీసుకువెళ్లాలా?

ఇవన్నీ చిల్లర తగాదాలని తీసిపారేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పెద్దలకు చిల్లరే కావచ్చు. ఇన్‌హేలర్ ఏ ఇంట్లో ఉండిపోయిందో తెలియక, అడిగితే ఎవరికి కోపం వస్తుందోనని అడగకుండా ఊరుకునే ఎనిమిదేళ్ల పిల్లకు అది చిల్లర విషయం కాదు. అక్కడ ఏమనుకుంటున్నారని ఒకరు, అక్కడికి ఎవరెవరు వస్తున్నారని ఇంకొకరు ఆరా తీస్తుంటే, ఆ పిల్ల రెండు ఇళ్లలోనూ నోరు కట్టేసుకుని బతుకుతుంది.

దీనికి కోర్టుకు వెళ్తే ఏమవుతుంది? పిటిషన్ వేయాలి, దానికి జవాబు రావాలి, వాయిదా కోసం ఎదురుచూడాలి. విచారణకు వచ్చేసరికి ఆ సెలవులు గడిచిపోతాయి. అంతకంటే పెద్ద నష్టం అఫిడవిట్‌లో జరుగుతుంది. గంట ఆలస్యం గురించిన పిటిషన్ గెలవాలంటే ఎదుటి మనిషికి ఎంత బాధ్యత లేదో పేజీలకు పేజీలు రాయాలి. అది చదివినవాళ్లు అంతకు రెట్టింపు రాస్తారు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమంటే ఇదే, ఆ దెబ్బ పడేది పిల్లల మీద.

ఈ ఖాళీని పూడ్చడానికే అమెరికాలో పేరెంటింగ్ కోఆర్డినేటర్ అనే పాత్ర పుట్టింది. 1990ల నాటికే కాలిఫోర్నియా, కొలరాడోలలో ఇలాంటి పని వేరే పేర్లతో నడిచింది. 2001లో ఓక్లహోమా దీనికోసం ప్రత్యేకంగా చట్టం చేసింది. తర్వాత మరికొన్ని రాష్ట్రాలు ఆ దారిలో నడిచాయి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2013లో అమల్లోకి వచ్చిన కుటుంబ చట్టంలోనూ దీనికి చోటుంది. సాధారణంగా మనస్తత్వ నిపుణులో, సోషల్ వర్కర్లో, కుటుంబ కేసులు చూసే లాయర్లో ఈ పని చేస్తారు. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్నది వీళ్లు తేల్చరు, అది కోర్టు పని. కోర్టు ఇచ్చిన ఉత్తర్వును రోజువారీ బతుకులో నడిపించడం వీళ్ల పని.

ఆ నడిపించడం ఎలా ఉంటుందో చూడండి. ఒక తల్లి ఇలా రాసిందనుకోండి: "వాడికి మళ్లీ జ్వరం. మీ ఇంటి నుంచి వచ్చిన ప్రతిసారీ ఇదే కథ. మీకు పిల్లాడి మీద ఏనాడు శ్రద్ధ ఉంది గనక! మీ అమ్మ పెంపకమే అంత." మంచి కోఆర్డినేటర్ ఇందులో మొదటి వాక్యం తప్ప మిగతావన్నీ కొట్టేయిస్తారు. దాని పక్కన ఇవి చేర్పిస్తారు: "నాలుగింటికి మందు వేశాను. తర్వాతి మోతాదు ఎనిమిదింటికి. సీసా బ్యాగు ముందు జేబులో ఉంది." అంతే. తండ్రి జవాబుకూ ఇదే కత్తెర. వాళ్లిద్దరి మధ్య ప్రేమ పుట్టించే ప్రయత్నమేమీ లేదు, ఎనిమిదింటికి పిల్లాడికి మందు అందేలా చూడటమే. ఇలాంటి పని ఏ తీర్పూ చేయలేదు. అందుకే ఈ పాత్ర ఉండాల్సిందేనని నేను గట్టిగా అంటాను.

అంత గట్టిగానూ ఇంకో మాట అంటాను. ఈ మనిషి ఎక్కడ ఆగాలో ముందే గీత గీయకపోతే ఈ పాత్ర ప్రమాదకరం. నిత్యం ఇద్దరి మెయిళ్లూ చదివే వ్యక్తికి కొన్నాళ్లకు ఎవరు మంచివాళ్లో తనకు తెలిసిపోయిందన్న నమ్మకం కలుగుతుంది. ఆ నమ్మకంతో ఒకరి రోజులు కొంచెం కొంచెం తగ్గిస్తూ పోతే, విచారణ లేకుండా, సాక్ష్యం లేకుండా కస్టడీ మారిపోయినట్టే.

పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు 2013లో ఈ వ్యవస్థను మొత్తంగా ఎత్తేసింది. కస్టడీ విషయాల్లో నిర్ణయం జడ్జిదే తప్ప బయటివాళ్లది కాదన్న వైఖరి తీసుకుంది. ఆ భయంలో న్యాయం ఉంది. కానీ ఆ కుటుంబాలను మళ్లీ వాయిదాల వరుసలోకి నెట్టింది. 2019లో కొత్త నిబంధనతో తిరిగి తెచ్చింది. ఇప్పుడు కోఆర్డినేటర్ సిఫారసు మాత్రమే చేస్తారు, అభ్యంతరం ఉన్నవాళ్లు కోర్టును విచారణ అడగవచ్చు. ఆ ఆరేళ్ల తర్వాత వచ్చిన రూపమే సరైనది. కొలరాడో పద్ధతి నాకు ఇంకా నచ్చింది. అక్కడ సర్దిచెప్పే పాత్ర వేరు, తగువు తేల్చే పాత్ర వేరు. తేల్చే అధికారం ఇవ్వాలంటే తల్లిదండ్రులిద్దరూ ఒప్పుకోవాలి.

నా అసలు కోపం వేరేచోట ఉంది. "ఇద్దరూ ఇద్దరే" అనే మాట మీద. ఫైలు లావుగా ఉంటే చాలు, ఆ జంటకు తీవ్ర ఘర్షణ అన్న ముద్ర వేస్తారు. ఫైలు లావు కావడానికి ఇద్దరూ కారణం కానక్కర్లేదు. ఒకరు ఏళ్ల తరబడి కొట్టి, బెదిరించి, విడిపోయాక కూడా పిల్లల పేరు చెప్పి వెంటాడుతుంటే, రెండోవారు తమను తాము కాపాడుకోవడానికి పిటిషన్లు వేస్తారు. బయటినుంచి చూస్తే అదీ పోట్లాటే. అలాంటి ఇంటికి కోఆర్డినేటర్‌ను పంపి "మీరు కొంచెం తగ్గండి, వారు కొంచెం తగ్గుతారు" అనిపించడం దారుణం. భయపడే మనిషి ఎప్పుడూ తగ్గుతూనే వచ్చింది. ఇంకా ఎంత తగ్గాలి? పైగా ప్రతి చిన్న మార్పుకూ మెయిలు పెట్టి జవాబు రాబట్టే హక్కు వేధించేవాడి చేతికి అందుతుంది. ఫ్లోరిడా చట్టం ఇక్కడ ఒక అడ్డు పెట్టింది: గృహహింస చరిత్ర ఉంటే ఇరువురి సమ్మతి లేకుండా ఈ ప్రక్రియకు పంపకూడదు, ఆ సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చిందేనని కోర్టు నిర్ధారించుకోవాలి. నన్నడిగితే అదీ చాలదు. హింస ఉన్నదా లేదా అన్నది నియామకానికి ముందే, ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి, శిక్షణ పొందిన మనిషి అడగాలి. ఎదురుగా అతను కూర్చుని ఉండగా ఏ స్త్రీ నిజం చెబుతుంది?

ఇక డబ్బు. కోఆర్డినేటర్ ఫీజు సాధారణంగా గంటల లెక్కన, తల్లిదండ్రులే భరించాలి. ఉన్నవాళ్లు రోజుకు పది మెయిళ్లు పెట్టి లేనివాళ్ల చేత సగం బిల్లు కట్టించవచ్చు. అకారణంగా గొడవ పెంచినవారి మీదే ఆ భారం మోపే అధికారం మొదటి ఉత్తర్వులోనే రాసి ఉండాలి.

గడువు కూడా ఉండాలి. బ్రిటిష్ కొలంబియాలోనూ, ఫ్లోరిడాలోనూ నియామకం రెండేళ్లకు మించకూడదన్న పరిమితి ఉంది, అవసరమైతే పొడిగించుకోవచ్చు. ఆ గడువు లేని ఉత్తర్వు మీద నేనైతే సంతకం పెట్టను.

అమెరికాలోనో కెనడాలోనో మీ లాయరు పేరెంటింగ్ కోఆర్డినేటర్ మాట ఎత్తితే తొందరపడి తల ఊపకండి. ఏయే విషయాల్లో నిర్ణయించవచ్చు, ఎన్ని రోజుల్లో చెప్పాలి, నచ్చకపోతే కోర్టుకు వెళ్లే దారి ఏది అని అడిగి, జవాబులు ఉత్తర్వులో రాయించుకోండి. మీరు ఆ మనిషితో చెప్పిన మాట రేపు కోర్టులో సాక్ష్యంగా వస్తుందా అన్నది తప్పకుండా అడగండి. టెక్సాస్‌లో పేరెంటింగ్ కోఆర్డినేటర్‌తో మాట్లాడింది గోప్యం, అలాంటి పనే చేసే పేరెంటింగ్ ఫెసిలిటేటర్‌తో మాట్లాడింది కాదు. పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. నోరు విప్పేముందే మీ ఎదుట కూర్చున్నది ఎవరో తెలుసుకోండి.