గీతలు కదిలాయి, తర్వాత మనుషుల్నే కదిలించారు

ఉక్రెయిన్ పడమటి అంచున ఉజ్‌హొరోద్ అనే ఊరుంది. 1910లో అక్కడ పుట్టి 1991 చివరిదాకా బతికినవాళ్లు ఇల్లు కదలకుండానే ఐదు దేశాల పౌరులయ్యారు: ఆస్ట్రియా-హంగరీ, చెకొస్లొవేకియా, హంగరీ, సోవియట్ యూనియన్, చివరికి ఉక్రెయిన్. ఇది తెలిశాక యూరప్ మ్యాపును ఎప్పటినుంచో అలాగే ఉన్నదిగా చూడటం నాకు సాధ్యం కావడం లేదు.

1795లో పోలండ్ మ్యాపు మీదే లేకుండా పోయింది. రష్యా, ప్రష్యా అనే జర్మన్ రాజ్యం, ఆస్ట్రియా కలిసి మూడు విడతల్లో దాన్ని పంచుకున్నాయి. మళ్లీ 123 ఏళ్లకు, 1918లో, అది దేశమైంది. ఆ రోజుల్లో సామ్రాజ్యాలు కూలితే సరిహద్దు గీతలు మారేవి, జనం చాలావరకు ఉన్నచోటే ఉండేవారు. 1920లో ష్లెస్‌విగ్ ప్రాంతంలోనైతే డెన్మార్క్ కావాలా, జర్మనీ కావాలా అని జనాన్నే ఓటు అడిగారు.

1923లో గ్రీసు, టర్కీ చేసుకున్న ఒప్పందం ఇంకో దారి చూపించింది. జనాన్నే మార్చుకుందాం అన్నారు. దాదాపు 12 లక్షల మంది క్రైస్తవులు గ్రీసుకు, సుమారు 4 లక్షల మంది ముస్లింలు టర్కీకి చేరాల్సి వచ్చింది. ఎవరు ఎటు వెళ్లాలో తేల్చింది మతం. ఇంట్లో టర్కిష్ తప్ప మరో మాట రాని క్రైస్తవుణ్ని గ్రీసుకు పంపారు. గ్రీకు మాత్రమే మాట్లాడే, గ్రీసు దీవి క్రీట్‌కు చెందిన ముస్లింని టర్కీకి పంపారు. ఇద్దరూ "సొంత దేశం"లో భాష రాని పరాయివాళ్లయ్యారు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో ఇదే పని ఎన్నో రెట్లు పెద్దగా జరిగింది. పోలండ్‌ను మొత్తంగా పడమరకు జరిపారు. తూర్పున ల్వూఫ్ నగరం సోవియట్ యూనియన్‌కు పోయింది, పడమట జర్మన్ల బ్రెస్లావ్ పోలండ్‌కు వచ్చి వ్రొత్స్‌వాఫ్ అయింది. తూర్పు యూరప్ నుంచి జర్మన్ల తరలింపు పద్ధతిగా, మానవత్వంతో జరగాలని యుద్ధం గెలిచిన దేశాలు పాట్స్‌డామ్ ఒప్పందంలో రాసుకున్నాయి. దాదాపు 1.2 కోట్ల మంది ఇళ్లు వదిలారు. దారిలో ఆకలికి, చలికి చనిపోయినవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఆ మాట రాసిన కాగితం మీద నాకు ఇప్పటికీ కోపమే.

వ్రొత్స్‌వాఫ్ పాత మార్కెట్ చౌక్‌లో నాటక రచయిత అలెగ్జాండర్ ఫ్రెడ్రో కంచు విగ్రహం కుర్చీలో కూర్చుని ఉంటుంది. దాన్ని 1897లో పెట్టింది ల్వూఫ్‌లో. ఊరు చేజారాక, 1956లో ఇక్కడ నిలబెట్టారు. అంతకుముందు ఈ చోట గుర్రం మీద ప్రష్యా రాజు విగ్రహం ఉండేది. ఆరు లక్షల పైచిలుకు జనం ఉన్న ఊళ్లో దాదాపు అందరూ మారిపోయారు, వచ్చినవాళ్లలో చాలామంది తూర్పున ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లే.

ఇవాళ ఒక భాష, ఒక జాతి, ఒక దేశం అన్నట్టు కనిపించే యూరప్ చాలాచోట్ల ఇలా తయారైంది. అది సహజంగా ఏర్పడిందని చెప్పడం అబద్ధం. "చరిత్ర ప్రకారం ఈ నేల మాది" అనే నాయకుణ్ని మొదట అడగాల్సింది ఒకటే: ఏ సంవత్సరం మ్యాపు? 1772దా, 1914దా, 1939దా? 1975లో హెల్సింకీలో సరిహద్దులను బలంతో మార్చబోమని 35 దేశాలు సంతకం పెట్టాయి. ఆ గీతలు న్యాయమైనవని కాదు, మళ్లీ కదిపితే ఏమవుతుందో తెలుసు కాబట్టి. 2014లో, 2022లో రష్యా ఉక్రెయిన్ విషయంలో ఆ మాటే తప్పింది.

ఆ ల్వూఫే ఇప్పటి ల్వీవ్. 1931లో అక్కడ సగం మంది పోలిష్‌వాళ్లు, మూడో వంతుకు దగ్గరగా యూదులు. యూదుల్ని నాజీలు చంపేశారు, పోలిష్‌వాళ్లను యుద్ధం చివర్లో పంపేశారు. పాత వీధుల్లో సున్నం రాలిన గోడల మీద దుకాణాల పేర్లు ఇంకా కనిపిస్తాయి, పక్కపక్కనే పోలిష్‌లో, యూదుల భాష యిడ్డిష్‌లో.