చీర లేకుండా మ్యాచింగ్ సెంటర్‌కి

మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లంతా కలిసి ఒక బొంత కుడుతున్నారు. ఇంటికో గడి చొప్పున 20 గళ్లు. మా ఆవిడ అమ్మాయి దగ్గరికి వెళ్లడంతో మా ఇంటి గడి నా నెత్తిన పడింది. "కుట్టేది మేమే అన్నయ్యగారూ, మీరు గుడ్డ తెచ్చిస్తే చాలు. రంగులు మీ ఇష్టం" అన్నారు మూడో అంతస్తు మేడమ్.

ఆ వెంటనే మెసేజ్ వచ్చింది. అచ్చం కాటనే కావాలి. ప్రింటు వద్దు. తెలుపు వద్దు, మాసిపోతుంది. నలుపు వద్దు, శుభం కాదు. ఒకటి లేత, ఒకటి మధ్యరకం, ఒకటి ముదురు. ఎయిడ్స్‌తో పోయినవాళ్ల జ్ఞాపకంగా 1987లో వాషింగ్టన్‌లో పరిచిన బొంత గురించి మీటింగులో కళ్లు తుడుచుకుంటూ చెప్పింది కూడా ఈవిడే. అందులో 1,920 పలకలు ఉన్నాయట, ఫుట్‌బాల్ మైదానం కన్నా పెద్దదట. అంత బొంత కుదిరింది గానీ, మా విశాఖ ఎం.వి.పి. కాలనీలో 20 గళ్లకి ఇన్ని షరతులు!

సరే, జగదాంబ దగ్గర ఒక మ్యాచింగ్ సెంటర్లో దూరాను.

"చీర ఇవ్వండి సార్" అన్నాడు కౌంటర్ దగ్గర కుర్రాడు.

"చీర లేదు."

"మర్చిపోయారా? మేడమ్ గారిని ఫొటో పెట్టమనండి."

"అసలు చీరే లేదు బాబూ. ఉత్త రంగులు కావాలి."

"ఏ రంగు?"

"అదే చూద్దామని."

కుర్రాడు ఓనర్ వైపు చూశాడు. ఓనర్ నా వైపు చూశాడు. వెనక గోడకి నేల నుంచి కప్పు దాకా తానులే. ఒక్క పచ్చలోనే చిలకపచ్చ, ఆకుపచ్చ, నాచురంగు, ఇంకా పేరు లేనివి ఎన్నో. చీర చూపించనిదే ఆ గోడలోంచి ఒక్క తాను కూడా కదలదని అప్పుడే తెలిసింది.

"ఒక్కోటి పావు మీటరు" అన్నాను.

"పావు మీటర్లో జాకెట్టు రాదు సార్. 80 సెంటీమీటర్లకి తక్కువ కోయం."

"చిన్నపిల్లకేమోలే" అని పక్కనున్న ఒకావిడ నన్ను వెనకేసుకొచ్చింది.

చివరికి మిరపపండు ఎరుపు, ఆకుపచ్చ, పసుపు దించారు. మేడమ్ ఒక చిట్కా చెప్పారు లెండి. బొంతకి రంగు కన్నా లేత, ముదురు తేడా ముఖ్యమట. ఫోన్లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీస్తే అది ఇట్టే తెలిసిపోతుందట. తీశాను. ఎరుపూ ఆకుపచ్చా రెండూ ఒకే బూడిదరంగు! ఇంకో పచ్చ తీయమన్నాను. కుర్రాడు నిచ్చెన ఎక్కాడు. అదీ బూడిదే. మళ్లీ ఎక్కాడు. వంకాయరంగు తెచ్చి, నా భుజం మీంచి ఫోన్లోకి తొంగిచూశాడు.

"ఫోన్ పాడైందా సార్?"

"లేదు, కావాలనే తీశా."

"రంగులు చూడ్డానికొచ్చి రంగులు తీసేస్తన్నారేటి సార్?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఈలోపు చుట్టూ జనం చేరారు. ఎవరో స్టూలు వేశారు. నన్ను వెనకేసుకొచ్చినావిడ ముందుకొచ్చి తన చీర కొంగు, కోయించబోతున్న జాకెట్టు గుడ్డ కౌంటర్ మీద పక్కపక్కన పరిచింది. "అన్నయ్యా, ఇవి కూడా అందులో ఒకసారి చూసి చెప్పండి, కలిశాయో లేదో." తీశాను. రెండూ ఒకే బూడిద, అతుకు కూడా కనపడటం లేదు. "బ్రహ్మాండంగా కలిసిపోయాయమ్మా" అన్నాను. ఆవిడ నా మాట మీద అక్కడికక్కడే కోయించేసుకుంది. చీర గులాబీ, గుడ్డ నాచురంగు. వెనక ఇంకో ఇద్దరు చీరలు పట్టుకుని వరసలో నిలబడ్డారు.

ఎలా బయటపడ్డానో వదిలేయండి. వంకాయరంగు, ఎరుపు, పసుపు, తలా 80 సెంటీమీటర్లు కొని, ఇంటికొచ్చి గ్రూపులో ఫొటో పెట్టాను.

"చాలా బాగున్నాయి అన్నయ్యగారూ. కానీ పసుపు రెండో అంతస్తు వాళ్లు ఆల్రెడీ తీసేసుకున్నారు. ఇంకోటి చూడండి. మీ ఇష్టం."

బిల్లు వెనక 'కోసిన గుడ్డ వాపసు తీసుకోబడదు' అని అచ్చేసి ఉంది. దాన్నీ ఫొటో తీసి పెట్టాను. ఆవిడ దానికో బొటనవేలు పెట్టి ఊరుకున్నారు.