లిస్టులో లేనివాళ్ల లిస్టు ఎక్కడ?

పీఎం కిసాన్ పోర్టల్‌లో రాష్ట్రం, జిల్లా, బ్లాకు, ఊరు ఎంచుకుంటే లబ్ధిదారుల పేర్లు వచ్చేస్తాయి. ఒడిశాలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు ఊళ్ల జాబితాలు కూడా ఫోన్‌లోనే చూడొచ్చు. ప్రభుత్వ సొమ్ము ఎవరికి పోతోందో ఇలా బయటపెట్టడం మంచిదే. అయితే ఈ పథకంలో అందరికీ ఏడాదికి ఒకే మొత్తం, 6,000 రూపాయలు. కాబట్టి ఎవరికెంత అన్న ప్రశ్నే రాదు. ఎవరికి ఆగింది, ఎందుకు ఆగింది అన్నదే తెలియాలి. అది ఆ జాబితాలో ఉండదు.

ఆగడానికి కారణాలు చాలావరకు కాగితాలవే. ఈ-కేవైసీ కాలేదు, బ్యాంకు ఖాతాకు ఆధార్ కలవలేదు, భూమి రికార్డు జత కాలేదు. ఆంధ్రా సరిహద్దులోని ఈ ఊళ్లలో ఈ చివరిదే పెద్ద తలనొప్పి. పట్టా ఒడియాలో ఉంటుంది, అదీ తాత పేరు మీద. ఆధార్‌లో మనవడి ఇంటిపేరు ఒక్క ఇంగ్లిష్ అక్షరమై కూర్చుంటుంది. ఒడియా గడగడా మాట్లాడే తెలుగు పెద్దాయన కూడా ఆ పట్టా చదవాల్సి వస్తే ఎవరో ఒకరి సాయం అడగాల్సిందే. సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకముందే వెల్లడించాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోవాలన్నదీ ఆ సెక్షన్‌లోనే ఉంది. ఈ రెండో మాట ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

ఒడిశా ప్రభుత్వం రైతు సాయానికి కాలియా పథకం తెచ్చినప్పుడు జాబితాలు పంచాయతీల్లో పెట్టి రెండు ఫారాలు ఇచ్చారు. పేరు రానివాళ్లకు పచ్చది, అనర్హుల మీద అభ్యంతరం చెప్పేవాళ్లకు ఎర్రది. పచ్చ ఫారం చక్కటి ఆలోచన. ఎర్రదాని మీదే నాకు నమ్మకం లేదు. పక్కింటాయన మీద ఫిర్యాదు రాసిచ్చి, మర్నాడు బోరింగు దగ్గర ఆయన మొహం ఎలా చూస్తారు? పైగా అనర్హుల్లో పెద్ద వర్గాన్ని పట్టుకోవడానికి ఊరి సాక్ష్యమే అక్కర్లేదు. పీఎం కిసాన్‌లో 20.48 లక్షల మంది అనర్హులకు 1,364 కోట్లు పోయాయని ఆర్టీఐ జవాబుతో 2021 జనవరిలో బయటపడింది. వాళ్లలో సగానికి పైగా ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లు. ఆ రికార్డు ప్రభుత్వం బీరువాలోనే ఉంది కదా!

ఊరి కళ్లు నిజంగా పనికొచ్చేది భూమిలేని కుటుంబాల విషయంలో. పీఎం కిసాన్ పట్టాదారుకే, కౌలు రైతుకు లేదు. కాలియా స్థానంలో 2024లో వచ్చిన సీఎం కిసాన్‌లో భూమిలేని కుటుంబానికి 12,500 రూపాయల సాయం ఉంది. ఎవరికి నిజంగా సెంటు భూమి లేదో పట్టా పుస్తకం కంటే గ్రామసభకే బాగా తెలుసు. అక్కడ జాబితా పైకి చదవాలి.

గోప్యత మాటేమిటంటారా? యూరప్‌లో వ్యవసాయ సబ్సిడీ తీసుకున్నవాళ్ల పేర్లు ప్రచురిస్తే జర్మన్ రైతులు కోర్టుకెక్కారు, 2010లో యూరోపియన్ కోర్టు వ్యక్తుల పేర్ల ప్రచురణ చెల్లదంది. ఆ తర్వాత చిన్న మొత్తాలు తీసుకునేవాళ్ల పేర్లు వదిలేసి మిగతావి మళ్లీ ప్రచురించారు. మన దగ్గరా 2023 డేటా రక్షణ చట్టం సమాచార హక్కులోని వ్యక్తిగత సమాచార మినహాయింపును విస్తరించింది. నాలుగో సెక్షన్‌ను మాత్రం ముట్టుకోలేదు. ఆధార్, ఖాతా నంబర్లు ఎవరికీ అక్కర్లేదు. పేరు, ఆగిన కారణం చాలు. ఫలానావారు ట్యాక్స్ కడుతున్నారన్నది మాత్రం వాళ్లకే చెప్పొచ్చు.

సీఎం కిసాన్ డబ్బు ఒడిశా కొత్త పంట పండుగ నువాఖాయికి, అక్షయ తృతీయకు పడుతుంది. అంతకు నెల ముందే ఆగిన పేర్లు పంచాయతీ గోడ మీద ఒడియాలోనూ తెలుగులోనూ పెడితే, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఆఫీసుకు వెళ్లి ఏ కాగితం అడగాలో రైతుకు తెలుస్తుంది.