పార్టీ నీడన పరిశ్రమ ఎన్నాళ్లు నిలుస్తుంది?

కేరళకు చెందిన పిల్లల దుస్తుల తయారీ సంస్థ కైటెక్స్ కథ వరంగల్ పాఠకులకు కొత్త కాదు. ఆ సంస్థ అధినేత అండతో నడిచిన ట్వంటీ20 పార్టీ కేరళలో 2015లో కిజక్కంబలం పంచాయతీని గెలుచుకున్నా, 2021 శాసనసభ ఎన్నికల్లో ఒక్క స్థానమూ దక్కించుకోలేకపోయింది. ఆ రెండు నెలలకే తనిఖీల పేరిట ప్రభుత్వ అధికారులు వేధిస్తున్నారంటూ సంస్థ అక్కడి 3,500 కోట్ల రూపాయల ప్రతిపాదనను విరమించుకోగా, తెలంగాణ ప్రభుత్వం ప్రత్యేక విమానం పంపి మరీ ఆహ్వానించింది. గీసుకొండ దగ్గరి కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు వస్తున్నామన్న ప్రకటనతోనే షేరు ధర ఎగసింది. 2023లో కైటెక్స్ గ్రూపు కొన్న 25 కోట్ల ఎన్నికల బాండ్లు నాటి అధికార పార్టీ బీఆర్‌ఎస్‌కు చేరాయని మరుసటి ఏడాది మార్చిలో వెల్లడైంది. బాండ్లు కొన్న సంవత్సరం డిసెంబరులోనే ఆ పార్టీ అధికారం కోల్పోయింది.

తెలంగాణతో కైటెక్స్ రాయితీల ఒప్పందం 2021 నాటిది, బాండ్లు 2023 నాటివి. ఒకటి మరొకదానికి ప్రతిఫలమని నేను అనడం లేదు. ఒక పార్టీతో చెలిమి గానీ వైరం గానీ సంస్థ విలువలో భాగమైపోతే, ఆ విలువ ఫ్యాక్టరీ గేటు లోపల కాక పోలింగ్ కేంద్రంలో తేలుతుందన్నదే నా వాదన. దీనికి తిరుగులేని ఉదాహరణ ఇండోనేషియా. ఆ దేశ నాటి అధ్యక్షుడు సుహార్తో ఆరోగ్యం బాగా లేదన్న వార్త పొక్కినప్పుడల్లా ఆయన కుటుంబానికి సన్నిహితమైన కంపెనీల షేర్లు మిగతావాటికంటే ఎక్కువగా పడిపోయాయని 1990ల మార్కెట్ లెక్కలను పరిశీలించిన ఆర్థికవేత్త రేమండ్ ఫిస్మన్ తేల్చారు. యంత్రాలు అవే, కార్మికులు అవే, ఆర్డర్లూ అవే. ఒక మనిషి ఆరోగ్యం మీద అనుమానం కలిగినందుకే వాటాదారుల సొమ్ము కరిగిపోయింది.

భూమి, నీరు, కరెంటు ప్రభుత్వం చేతిలో ఉన్నప్పుడు పాలకులతో సఖ్యత లేకుండా వ్యాపారం ఎలా సాగుతుందని పారిశ్రామికవేత్తలు అడుగుతారు. అనుమతిని దరఖాస్తుదారు హక్కుగా గుర్తించిన తెలంగాణ పారిశ్రామిక అనుమతుల చట్టం టీఎస్ ఐపాస్ 2014లోనే వచ్చింది. దాన్ని అక్షరాలా అమలు చేయించుకోవడం చందాల కంటే చౌక, మన్నిక కూడా.

అసలు ఆ చందా ఎవరి సొమ్ము? గత మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతానికి మించి పార్టీలకు ఇవ్వరాదన్న పరిమితిని 2017లో ఎత్తివేశారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు బాండ్ల పథకంతో పాటు ఆ సవరణనూ కొట్టివేసింది. అయినా నేటికీ బోర్డు తీర్మానం చేస్తే చాలు, వాటాదారుల ఓటు అక్కర్లేదు. బ్రిటన్‌లో వాటాదారుల ఆమోదం లేనిదే పెద్ద మొత్తాల చందా ఇవ్వడం కుదరదు.

ఇక్కడ నష్టపోయేది వాటాదారులొక్కరే కాదు. ఈ పార్కు కోసం శాయంపేట రైతులు పత్తి పండే చేలను అప్పగించారు. సూరత్, భివండీ మరమగ్గాల మీద బతుకుతున్న మన నేత కార్మికులను సొంతూరికి రప్పిస్తామని చెప్పి 2017 అక్టోబరులో శంకుస్థాపన చేశారు. వాళ్ల కొలువుల భవిష్యత్తును ఏ పార్టీ గెలుపోటములకూ ముడిపెట్టే హక్కు ఏ యాజమాన్యానికీ లేదు. పార్కులోని ప్రతి కంపెనీ ప్రభుత్వం నుంచి పొందిన భూమి, రాయితీల వివరాలను, పార్టీలకు, ఎన్నికల ట్రస్టులకు ఇచ్చిన చందాల లెక్కను వార్షిక నివేదికలో ఒకే పేజీలో ప్రచురించాలన్న షరతును రాష్ట్ర ప్రభుత్వం కేటాయింపు ఒప్పందంలోనే చేర్చాలి. పాత ఒప్పందాలకు గడువు పొడిగించేటప్పుడూ ఇదే షరతు వర్తించాలి.