బయటికి దారేది?

కీబోర్డు బాగానే ఉంది, తెర బాగానే ఉంది, డిస్కులో కావలసినంత ఖాళీ ఉంది. అయినా ఆ కంప్యూటర్‌కు కాలం చెల్లిందట. 2025 అక్టోబరు 14తో విండోస్‌ 10కు ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆపేస్తామన్న మైక్రోసాఫ్ట్‌ అన్నంత పనీ చేసింది. విండోస్‌ 11కు మారదామంటే టీపీఎం 2.0 భద్రతా చిప్‌, కంపెనీ మెచ్చిన ప్రాసెసర్‌ ఉండాలి. మరో ఏడాది గడువు కావాలంటే 30 డాలర్లు కట్టండి, లేదా మీ సెట్టింగులు మా క్లౌడ్‌లో పెట్టండి అంది. వినియోగదారుల సంఘాలు గట్టిగా నిలదీశాక ఐరోపావారికి మాత్రం ఆ షరతులు సడలించింది. అంటే, సడలించడం సాధ్యమేనన్నమాట!

మిగతా దిగ్గజాలదీ ఇదే దారి. 2015లో అపరిమితంగా ఫొటోలు దాచుకోండంటూ ఊరించిన గూగుల్‌, అందరూ అలవాటుపడ్డాక 2021 జూన్‌ నుంచి ఉచితానికి హద్దు గీసింది. అమెజాన్‌ 2009లో పాఠకులు కొనుక్కున్న పుస్తకాలను వారి కిండిల్‌ ఈ-బుక్‌ పరికరాల నుంచి చెప్పాపెట్టకుండా తుడిచేసింది. డబ్బు వాపసిచ్చింది, క్షమాపణ కూడా చెప్పింది. కానీ కొన్న వస్తువు మీద కొన్నవాడికంటే అమ్మినవాడికే అధికారం ఎక్కువన్న సంగతి ఆనాడే తేలిపోయింది.

ఇంత విసుగు పుట్టినా జనం ఎందుకు కదలరు? బంధుమిత్రులంతా ఒకే మెసేజింగ్‌ యాప్‌లో ఉన్నారు గనుక. ఈమెయిల్‌లో ఈ చిక్కు లేదు. ఏ కంపెనీ ఖాతా నుంచైనా మరే కంపెనీ ఖాతాకైనా ఉత్తరం చేరుతుంది. మెసేజింగ్‌ను మాత్రం కంపెనీలు కావాలనే వేరువేరు కోటలుగా కట్టుకున్నాయి. ఒక యాప్‌ నుంచి మరో యాప్‌కు సందేశం వెళ్లేలా ఆ గోడలకు తలుపులు పెట్టమని ఐరోపా సమాఖ్య డిజిటల్‌ మార్కెట్ల చట్టం ఆదేశిస్తోంది. మిగతా దేశాలు జరిమానాలతో సరిపెట్టుకోకుండా ఈ పని చేయాలి. జరిమానా ఎంత పెద్దదైనా ఆ సంస్థలకు వ్యాపార ఖర్చే.

కోడ్‌ అందరికీ తెరిచి ఉండి, ఎవరైనా వాడుకుని మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ మీద మాకు ఆశ ఉంది, భ్రమలు లేవు. కంపెనీ వద్దన్న పాత కంప్యూటర్‌ మీద లినక్స్‌ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్‌ సిస్టమ్‌ హాయిగా నడుస్తుంది. జర్మనీలోని ష్లెస్విగ్‌-హోల్‌స్టైన్‌ రాష్ట్రం తన కార్యాలయాలను లిబ్రేఆఫీస్‌ అనే స్వేచ్ఛా ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కు మారుస్తోంది. అయితే వేరే ఆఫీసు పంపిన ఫైలు తెరిస్తే పట్టికలు చెదిరిపోవడమూ నిజమే. అందుకే ప్రభుత్వ పత్రాలన్నీ ఏ సాఫ్ట్‌వేర్‌ అయినా చదవగల ఓపెన్‌ ఫార్మాట్లలోనే ఉండాలన్న నిబంధన ముందు రావాలి.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ అసలు బలహీనత డబ్బు దగ్గరుంది. ఫైళ్ల సైజు తగ్గించే ఎక్స్‌జెడ్‌ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌నే చూడండి. లినక్స్‌ సర్వర్లలో ఎక్కడ చూసినా ఉండే దాని బాగోగులు చూసింది జీతం లేని ఒకే ఒక్క వ్యక్తి. ఆయన అలసిపోయి ఉన్న వేళ, సాయం చేస్తానంటూ చేరిన ఒక అజ్ఞాత వ్యక్తి అందులో దొంగదారి అమర్చాడు. 2024 మార్చిలో లాగిన్‌ అర సెకను ఆలస్యమవుతోందేమని ఆరా తీసిన ఆండ్రెస్‌ ఫ్రాయిండ్‌ అనే ఇంజినీరు దాన్ని బయటపెట్టాడు (ఆయన మైక్రోసాఫ్ట్‌ ఉద్యోగి కావడం విశేషం). కోడ్‌ అందరికీ తెరిచి ఉండబట్టే అంత త్వరగా గుట్టు రట్టయింది. ఇలాంటి పనులకు నిధులిచ్చేందుకు జర్మనీ 2022లోనే ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది. లైసెన్సు ఖర్చు తప్పిందని సంబరపడే ప్రతి ప్రభుత్వమూ, ప్రతి పెద్ద సంస్థా ఆ మిగులులో కొంత వాటాను ఏటా ఈ నిర్వాహకుల జీతాలకు కేటాయించాలి.