తల్లి వేయొచ్చు, ఈఎంటీ వేయకూడదట!

అంబులెన్సులో వచ్చి ప్రాథమిక చికిత్స చేసే బేసిక్ ఈఎంటీలు ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో తేల్చే జాబితాను సవరించినప్పుడల్లా అదే తంతు. ఆహార ఎలర్జీ ఉన్న పిల్లాడి తల్లికి డాక్టరు ఎడ్రినలిన్ ఆటో ఇంజెక్టర్, అంటే తీవ్ర ఎలర్జీని అదుపుచేసే మందు ముందే నింపి ఉన్న సూది, రాసిస్తాడు. తొడ మధ్యలో, బయటివైపు, అవసరమైతే బట్టల మీదుగానే గట్టిగా నొక్కిపట్టమని కాసేపట్లో నేర్పి పంపిస్తాడు. అదే పిల్లాడి కోసం పరుగెత్తుకొచ్చిన ఈఎంటీకి మాత్రం కొన్నిచోట్ల ఆ మందు సొంతంగా వాడే అధికారం లేదు. రోగి దగ్గర సూది ఉంటే వేసుకోవడానికి ‘సాయపడొచ్చు’. లేదంటే గొంతు వాచి ఊపిరాడకపోతున్నా ఆక్సిజన్ పెట్టి, అంతకన్నా ఎక్కువ శిక్షణ పొందిన పారామెడిక్ కోసం ఎదురుచూడాలి. ఇదెక్కడి న్యాయం?

చక్కెర పరీక్షదీ ఇదే కథ. మధుమేహులు ఇంట్లో వేలు గుచ్చుకుని చూసుకునే గ్లూకోమీటర్‌ను ఈఎంటీ చేతికివ్వడానికీ కొందరికి చేతులు రావు. మాట ముద్దగా వస్తూ ఒక చెయ్యి పడిపోయిన మనిషికి వచ్చింది పక్షవాతమో, చక్కెర 40కి పడిపోవడమో చెప్పేది ఆ ఒక్క రక్తపు చుక్కే. స్పృహలో ఉండి మింగగలిగితే 15 నుంచి 20 గ్రాముల గ్లూకోజ్ నోటికిస్తే చాలు. మింగలేనివాడి నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అక్కడ కావలసింది కండలోకి 1 మి.గ్రా. గ్లూకగాన్, అంటే రక్తంలో చక్కెరను పెంచే మందు. ఆ ఇంజెక్షనూ ఇంట్లోవాళ్లకు నేర్పుతున్నదే. యూనిఫాం వేసుకున్నవాడికే నిషేధం!

శిక్షణ తక్కువ, పొరపాట్లు జరుగుతాయన్నది ఈఎంటీలకు ఇవి ఇవ్వొద్దనేవారి వాదన. జరుగుతాయి, కాదనం. మిల్లీలీటరుకు 1 మి.గ్రా. ఉండే ఎడ్రినలిన్ యాంపుల్‌లో (చిన్న గాజు మందుగొట్టంలో) పెద్దవారికి కండలోకి వెళ్లాల్సింది సగమే. కంగారులో మొత్తం లాగి నరంలోకి ఎక్కిస్తే గుండె లయ తప్పుతుంది. అందుకు పరిష్కారం మందును దాచేయడం కాదు. ఒక యాంపుల్, 1 మి.లీ. సిరంజి, కండకు వేసే సూది, డోసు రాసిన కార్డు కలిపి ఒకే కిట్‌గా ఇవ్వాలి. మందు పేరు, గాఢత, మోతాదు ఒకరు పైకి చదివితే రెండోవారు సరిచూడాలి. గ్లూకోమీటరూ అంతే. వేలికి తీపి అంటుకుని ఉంటే లేని చక్కెర చూపిస్తుంది, కాబట్టి ముందు నీళ్లతో తుడవాలి. ఎండలో నిలిపిన బండిలో మూత సరిగా పెట్టని స్ట్రిప్పుల డబ్బాను నమ్మకూడదు.

ఊపిరితిత్తుల్లో నీరు చేరినవారికి సీపాప్ మాస్కు (ఒత్తిడితో గాలి లోపలికి పంపే మాస్కు) పెట్టే అధికారం కూడా ఈఎంటీకి ఇవ్వాల్సిందే. 5 సెంటీమీటర్ల నీటి పీడనంతో మొదలుపెట్టాలి. పై రక్తపోటు 90 కన్నా తక్కువున్నా, వాంతులవుతున్నా, మగతలోకి జారుతున్నా పెట్టకూడదు. నిమిషానికి 15 లీటర్ల ఆక్సిజన్ తాగే మాస్కుకు 400 లీటర్ల చిన్న సిలిండర్ అరగంట కూడా రాదు. బయల్దేరేముందే ఆ లెక్క చూసుకోవాలి.

అయితే ఇంట్యుబేషన్, అంటే శ్వాసనాళంలోకి గొట్టం దించే అధికారం, అడిగేవారికి మా మద్దతు లేదు. ఆస్పత్రి బయట గుండె ఆగినవారిపై బ్రిటన్‌లో, అమెరికాలో జరిగి 2018లో వెలువడిన రెండు పెద్ద అధ్యయనాల్లోనూ స్వరపేటిక పైన కూర్చునే ఐజెల్ వంటి గొట్టాలు ఇంట్యుబేషన్ కంటే వెనకబడలేదు. అదీ ఆ పని చేసే పారామెడిక్‌ల చేతుల్లో. అన్నవాహికలోకి దిగిన గొట్టాన్ని బయటికొచ్చే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ను చూపే కాప్నోగ్రాఫ్ గీత లేకుండా పసిగట్టడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. అసలు చేత్తో సంచి నొక్కి ఊపిరి అందించే బ్యాగ్ మాస్కే మనవాళ్లు సరిగా పట్టడం లేదు. ఒకరు రెండు చేతులతో మాస్కు బిగించాలి, మరొకరు ఛాతీ లేచేంత మాత్రమే ఒక సెకనుపాటు నొక్కాలి. బలమంతా పెట్టి పిండితే గాలి పొట్టలోకి పోయి వాంతి పైకొస్తుంది. ఇది చేతికి వచ్చాక, గొట్టం దించడానికి గొంతులోకి చూసే లారింగోస్కోపు సంగతి చూద్దాం.

ఇంటివాళ్లకు అప్పగించినదాన్ని సిబ్బందికి నిరాకరించే ఈ రెండు నాల్కల ధోరణికి భద్రత అని పేరు పెట్టుకోవడం ఏమిటి? జాబితాలపై సంతకాలు పెట్టే వైద్యాధికారులు మూడు నెలలకోసారి బొమ్మల మీద సాధన చేయించాలి, సూది వేసిన ప్రతి కేసు షీటునూ తామే చదవాలి. అసలు వారికి గిట్టనిది ఆ చాకిరీయే. తీరిక లేనివారు ఆ కుర్చీ ఖాళీ చేయాలి.