అక్కి గారికి, ఒంగోలు పక్క పల్లె నుంచి

అయ్యా అక్కి గారూ,

మీకు మా జిల్లాలో జరిగే మర్యాద అల్లుళ్లకి కూడా జరగదు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లో దూరిన వైరస్సే కదా మీరు (ఇంగ్లీషులో మీ పేరు షింగిల్స్ అట), అమ్మవారు దిగిందని తలంటు పోసి మేమంతా మర్చిపోయాక కూడా వెన్ను దగ్గర నరాల్లో ఏళ్ల తరబడి నక్కి ఉండి, వయసు మీదపడో షుగరు ముదిరో మనిషి తగ్గాడని తెలియగానే లేస్తారు.

మా పెదనాయనకి నడుము నుంచి పొట్ట దాకా ఒకవైపే పొక్కులు లేచాయి. మాత్రలు మొదటి 3 రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయట. ఆ 3 రోజులూ ఊరి పెద్దలు అక్కి తగ్గుతుందని పొక్కుల మీద ఎర్రమట్టితో సింహం బొమ్మ గీయించడానికే కేటాయించారు. పొక్కులు రెండు నుంచి నాలుగు వారాల్లో వాటంతటవే మాడిపోతాయి కాబట్టి పేరు సింహానికి దక్కింది. నొప్పి మాత్రం నెలల తరబడి ఉండిపోయింది, పంచె అంచు తగిలినా కరెంటు కొట్టినట్టు అదిరిపడేవాడు.

ఇదే పెదనాయన గిత్తకి ఆరు నెలలకోసారి గాలికుంటు టీకా తప్పనివ్వడు. వానలకి ముందు గొర్రెలకి చిటుకు రోగం టీకా పడాల్సిందే, పశువుల డాక్టరు ఆలస్యం చేస్తే ఫోన్‌లోనే తగాదా. తన దాకా వస్తే మాత్రం "ఈ వయసులో నాకు సూదులేందిరా, అవి పిలకాయలకి కదా!"

మీకు చెప్పకూడదు గానీ, 50 దాటినవాళ్ల కోసం షింగ్రిక్స్ అనే టీకా 2023లో మన దేశానికీ వచ్చింది. రెండు డోసులు, మధ్య 2 నుంచి 6 నెలలు. 70 దాటినవాళ్ల మీద జరిగిన పరీక్షల్లోనూ 90 శాతం దాకా మిమ్మల్ని ఆపిందట. సర్కారు ఉచితంగా వేసేది కాదు, ధర వినగానే పెదనాయన మొలగొలుకుల వడ్ల బస్తాల్లో లెక్కేసి నోరెళ్లబెట్టాడు. ఒకసారి వచ్చిపోయారని మీరు మళ్లీ రాకుండా ఉండరట, కాబట్టి ఆయనా వేయించుకోవాల్సిందేనన్నాడు మనుషుల డాక్టరు. ఏటా ఫ్లూ టీకా, దాంతోపాటు న్యుమోనియాదీ అని ఇంకో రెండు పేర్లు చెప్పాడు. ఇంటికొచ్చి అవి గుర్తుచేస్తే ఈయన విననట్టు గిత్త గంగడోలు నిమురుతూ నిలబడ్డాడు.

ఆఖరికి పెద్దమ్మ పశువుల డాక్టరు చేత చెప్పించింది. మారుమాట్లాడకుండా ఒప్పుకున్నాడు! సూది పడ్డ రాత్రి చెయ్యి నొప్పి, కాస్త జ్వరం అని మూలుగుతుంటే "గిత్త ఎప్పుడన్నా ఇట్టా మూలిగిందా?" అందామె.

రెండో డోసు సంక్రాంతి అయ్యాక.

ఇట్లు,
పెదనాయన గారి తమ్ముడి కొడుకు